మాయానగరం మినియేచర్ బొమ్మల కొలువులా వస్తోంది, తప్పెక్కడ?

అమలాపురం_ఫ్రేమ్:
జానపద షార్ట్‌ఫిల్మ్ కోసం కొబ్బరితోట షెడ్డులో మాయానగరం కట్టాం. 8×6 అడుగుల బల్ల, 1:24 స్కేలు (అసలు కొలతలో 24వ వంతు), థర్మోకోల్, అట్ట, జీలుగు బెండు. రాత్రి సీను. కోట పక్కన కాలవలో నిజం నీళ్లే పోశాం. 50 ఎంఎం లెన్సు, ఎఫ్ 1.8లో (లెన్సు రంధ్రం బాగా తెరిచి) తీస్తే అచ్చం బొమ్మల కొలువు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’లలో గోఖలే, కళాధర్ సెట్లకున్న నిండుదనం ఏదీ? పైగా స్ప్రే కొట్టిన గోపురం కరిగి గుంటలు పడింది. ఏం మార్చాలండీ?

లెన్సు_మావయ్య:
కట్టడం బాగానే ఉందండీ, తీయడంలోనే ఉంది తిరకాసు. ఎఫ్ 1.8లో ముందు గోపురం తేటగా, వెనక మేడ మసగ్గా వస్తాయి. అరచేతిలో వస్తువుని చూస్తే అలా ఉంటుంది గానీ ఊరిని చూస్తే ఉండదు. 18 లేదా 24 ఎంఎం లెన్సు, ఎఫ్ 16 (రంధ్రం బాగా చిన్నది) పెట్టండి. వెలుతురు చాలదంటారా, నగరం ఎటూ కదలదు. ఫ్రేముకి సెకను ఎక్స్‌పోజరిచ్చి, కెమెరాని 2 మిల్లీమీటర్ల చొప్పున జరుపుతూ తీయండి.

ఇక ఎత్తు. ఐదడుగుల్లో ఉండే మనిషి చూపు మీ స్కేల్లో రెండున్నర అంగుళాలు. వీధి షాట్లకి కెమెరా అంత కిందికి దిగదు, ఫోన్ తలకిందులుగా పెడితే లెన్సు బల్లకి ఆనుతుంది.

జెండాలు ఎగిరే, గోడ కూలే షాట్లకి మాత్రం కెమెరా సెకనుకి తీసే ఫ్రేముల వేగం పెంచాలి. స్కేల్లోని 24కి వర్గమూలం 4.9, దాన్ని మామూలుగా సెకనుకి తీసే 24 ఫ్రేములతో హెచ్చవేస్తే దాదాపు 120.

రాజోలు_లైట్స్:
120లో తీసేటప్పుడు సీరియల్ బల్బులు పెట్టకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, వెలుతురు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది, తెరమీద మినుకుమంటుంది. 12 వోల్టుల బ్యాటరీ మీద ఎల్‌ఈడీ స్ట్రిప్ వేసి, దాన్ని ఇంటి లోపలి గోడకేసి తిప్పండి. కిటికీకి ట్రేసింగ్ పేపరు అంటిస్తే బల్బు చుక్కలా కనపడదు. మూడోవంతు కిటికీలు చీకటిగా వదిలెయ్యండి, ఊరంతా ఒకేసారి దీపం పెట్టుకోదు కదా.

వెన్నెలకి ఒకటే లైటు, వెనకవైపు ఓ పక్కనుంచి, షెడ్డు ఎంత దూరం ఇస్తే అంత దూరంలో. దగ్గర పెడితే నీడలు విసనకర్రలా విచ్చుకుంటాయి, అక్కడే దొరికిపోతాం. వెన్నెల కోసం లైటుకి కట్టే నీలం జెలటిన్ కాగితం మీద నాకు నమ్మకం లేదు. 1957లో ‘మాయాబజార్’ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పండించిన వెన్నెల నలుపు తెలుపుల్లోనే కదా.

బెండు_పని:
స్ప్రేలో ఉండే సాల్వెంటు థర్మోకోల్‌ని తినేస్తుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు పూతలు వేసి, ఆరాక బ్రష్షుతో ఎమల్షన్ వెయ్యండి. అట్టకి రెండు వైపులా రంగు పడాలి, లేకపోతే ముసురు రోజుల్లో అప్పడంలా వంకరపోతుంది.

కాలవలో నీళ్లు తీసెయ్యండి. బొట్టుకీ అలకీ స్కేలుతో పనిలేదు, మీ ఊళ్లో అవి 24 రెట్లు పెద్దవి. గాజు పలక వెనక నల్లరంగు వేసి పరిస్తే దీపాల ప్రతిబింబాలు అందులో పడతాయి. అంచుల్లో జల్లెడ పట్టిన ఒండ్రు చల్లండి, అతుకు కనపడదు.

అమలాపురం_ఫ్రేమ్:
దూరపు మేడలు పలచబడాలని సాంబ్రాణి వేస్తే పొగ పైకప్పుకే పోతోంది?

బెండు_పని:
వేడి పొగ కదండీ, పైకే పోతుంది. పైగా సెకను ఎక్స్‌పోజర్లలో ఫ్రేముకో రకంగా ఉంటుంది, థర్మోకోల్ పక్కన నిప్పు ఎలాగూ వద్దు. సన్నకంటి తెల్ల దోమతెర కొని, రెండో వరసకీ మూడో వరసకీ మధ్య ముడత లేకుండా బిగించండి. పక్కనుంచి కాస్త వెలుగు తగిలితే చాలు, వెనక మేడలు మంచులో ఉన్నట్టు వెనక్కి జరుగుతాయి. దోమతెర కళ్లు (సన్న రంధ్రాలు) కనపడుతుంటే తెరని ఇంకో అడుగు వెనక్కి జరపండి.