జన్యు‘మార్పిడి’లో పత్తి ఏం ఇచ్చింది?

కుండమార్పిడి పెళ్లంటే వాళ్ల పిల్ల మనింటికి, మన పిల్ల వాళ్లింటికి. మరి బీటీ పత్తిని ‘జన్యుమార్పిడి పంట’ అంటున్నామే, అందులో పత్తి ఏం ఇచ్చింది? మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ (అదే బీటీ) అనే బాక్టీరియా నుంచి, కాయతొలుచు పురుగును చంపే ప్రొటీన్ తాలూకు జన్యువును తెచ్చి పత్తిలో పెట్టారు. బాక్టీరియాకు దక్కిందేమీ లేదు. 2002లో మన దేశంలో దానికి అనుమతి వచ్చింది, పేపర్లలో దాన్ని ఇప్పటికీ ‘జన్యుమార్పిడి’ అనే రాస్తారు. నాకెందుకో అతకలేదనిపిస్తుంది.

నల్లరేగడి: మార్పిడి అంటే ఇచ్చిపుచ్చుకోవడమే కానక్కర్లేదండీ. పంట మార్పిడి ఉంది, మతమార్పిడి ఉంది. గుండె మార్పిడిలో మాత్రం పేషెంటు తన గుండెను ఎవరికిచ్చాడు?

పోస్టు పెట్టినావిడ: అక్కడ పాత గుండె తీసేస్తారు కదండీ. పత్తిలో ఏదీ తీయలేదు, ఉన్నదానికి ఇంకోటి కలిపారు.

మందులకొట్టు: మనిషి జన్యువును ఈ-కోలి బాక్టీరియాలో పెట్టి చేయించే ఇన్సులిన్‌కు 1982లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. అటు బాక్టీరియా జన్యువు పత్తికి, ఇటు మనిషి జన్యువు బాక్టీరియాకి. మొత్తానికి కుండమార్పిడే! (బాక్టీరియాలు వేరనుకోండి.) ఇలాంటి డీఎన్ఏని పుస్తకాల్లో ‘పునఃసంయోజక’ అన్నారు. అది పలికేలోపు షుగర్ పెరుగుతుంది.

వరిమడి: నా ఇబ్బంది ఇంకోటి. 2025 మేలో హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ‘కమల’ రకం వచ్చింది కదా, డీఆర్ఆర్ ధాన్ 100. మా వాట్సాప్ గ్రూపులో దాన్ని కూడా జన్యుమార్పిడి వరి అనేశారు. అందులో బయటి జన్యువే లేదు. మన సాంబ మసూరిలోనే, గింజల సంఖ్యను అదుపు చేసే సొంత జన్యువును క్రిస్పర్ అనే జన్యువుల కత్తెరతో సరిచేశారు. అది ‘జన్యు సవరణ’. రెండింటికీ ఒకే పేరు పెడితే విత్తనం కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

పోస్టు పెట్టినావిడ: అయితే మాట మన నోట్లోనే ఉంది! ‘మార్పులు చేర్పులు’ అంటాం కదా. కమలలో చేసింది మార్పు, పత్తిలో చేసింది చేర్పు. ‘జన్యుచేర్పు పత్తి’ అంటే ఎలా ఉంది?

నల్లరేగడి: బాగుందండీ, ఒప్పుకున్నాను. కాకపోతే మా నాన్న ఇన్నేళ్లలో ‘బీటీ గింజలు’ తప్ప ఇంకో మాట అన్నది లేదు. ఇందాక జన్యుమార్పిడి అని చదివి వినిపిస్తే, “ఎవరికిరా ఆపరేషన్?” అన్నారు.