అప్‌డేట్: అట్ట ఊడిన ఆ కార్ల ఫొటోల పుస్తకం ఎవరు తెచ్చిందో తెలిసింది

లాస్ ఏంజెలస్‌లో పాత సామాన్ల సంతలో కొన్న, అట్ట లేని కార్ల ఫొటోల పుస్తకం ఎవరు తెచ్చిందని నెల కిందట ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్. పాత పుస్తకాలు అమ్మేవాళ్లకు చూపించమన్న సలహా పనిచేసింది. అలాంటి ఒకాయన నాలుగు పేజీలు తిప్పగానే చెప్పేశారు: వీడా ఓర్ అనే ఆవిడ తెచ్చిన ‘హాట్ రాడ్ పిక్టోరియల్’, 1949. హాట్ రాడ్ అంటే వేగం కోసం మార్పులు చేసిన కారు.



కాలిఫోర్నియాలో ఎండిన సరస్సుల మీద రేసులు నడిపే ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) అనే సంఘంలో తొలి మహిళ ఆవిడే. తనే రోడ్‌స్టర్ (పైకప్పు లేని కారు) నడిపారు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన కుర్రాళ్లకు రేసుల కబుర్లతో న్యూస్‌లెటర్ పంపేవారు. అంత దూరాన అది అందుకున్నవాళ్ల సంతోషం ఊహించుకుంటే కళ్లు చెమర్చాయి.

కొత్త అట్ట వేయించి, పైన ఆవిడ పేరు రాయించాను.