కింది నుంచి కొమ్ము లేచిన పాత గాజు పాత్ర: ఇది దేనికి?

గాజుపెట్టె:
పాత సామాను సర్దుతుంటే ఒక గాజు పాత్ర దొరికింది. నిలువుగా సగానికి కోసిన బేరిపండులా ఉంది. ముందువైపు ఉబ్బు, వెనకవైపు చదును. ఎత్తు సుమారు 20 సెం.మీ. పైన మూత లేదు, రంధ్రం లేదు. గాజు మూసుకుపోయి చిన్న కొక్కెంలా వంగింది. అడుగుకు కాస్త పైన సన్నని కొమ్ము బయలుదేరి, కొంగ మెడలా నిలువుగా లేచి, దాదాపు పాత్ర భుజం ఎత్తులో తెరుచుకుంది. మొత్తం వస్తువుకు ఉన్న నోరు అదొక్కటే, వెడల్పు వేలెడు కూడా లేదు. లోపల సగం ఎత్తున చుట్టూ ఒక తెల్లని చార ఉంది. ఎక్కడా అక్షరం లేదు. ఇంట్లో ఒకరు పక్షులకు నీళ్లు పెట్టేదంటారు, ఒకరు మంచాన పడినవారికి పాలు తాగించేదంటారు. నాకు రెండూ కుదిరినట్టు అనిపించడం లేదు. తెలిసినవారు చెప్పండి.

పిచ్చుకగూడు:
ఇది పంజరానికి తగిలించే నీటి పాత్రే. పాతకాలపు గాజు నీటి పాత్రలు సరిగ్గా ఈ సూత్రం మీదే పనిచేసేవి. పైభాగం మూసి ఉంటుంది కాబట్టి బయటి గాలి ఒత్తిడి నీటిని లోపల నిలబెడుతుంది. పక్షి తాగిన కొద్దీ ఒక్కో బుడగ లోపలికి వెళ్లి, అంత నీరు బయటికి వస్తుంది. చదునైన వీపు పంజరం ఊచలకు ఆనడానికి. ఆ తెల్లని చార నీటిలోని సున్నం.

కొమ్ముచెంబు:
కొమ్ము ఉన్నదంటే తాగించడానికే. పడుకున్నవారి నోట్లో ద్రవం ఒలకకుండా పోయాలంటే ఇంత సన్నని కొమ్మే కావాలి. గాజు, పింగాణీ పాత్రలు ఇందుకోసం చాలా తయారయ్యాయి.

మబ్బుతెర:
ఇద్దరూ ఆకారాన్ని చూస్తున్నారు. నోరు ఎక్కడుందో చూడండి, అక్కడే జవాబుంది.

పక్షుల నీటి పాత్రలో నోరు కిందే ఉండాలి. చిన్న దొన్నెలా, పొట్టిగా, ముక్కు దూరేంత వెడల్పుగా. అందులో నీటి మట్టం తగ్గి కింది రంధ్రం బయటపడితేనే బుడగ లోపలికి వెళుతుంది. ఇక్కడ నోరు భుజం ఎత్తున ఉంది, అదీ సన్నని గొట్టం. ఏ పక్షి ముక్కూ అందులో నీటిని అందుకోలేదు.

ఇక తాగించే పాత్ర అయితే నింపడానికి పైన మరో నోరు తప్పదు. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే వంచినప్పుడు ద్రవం ధారగా రాదు, గడగడమంటూ ఆగి ఆగి వస్తుంది. రోగికి పొలమారుతుంది. 19వ శతాబ్దం చివరలో పసిపిల్లల కోసం వచ్చిన పడవ ఆకారపు గాజు సీసాలకు రెండు చివర్లా నోళ్లు పెట్టింది గాలి కోసం, కడగడం కోసం. ఈ పాత్రలో పాలు పోస్తే లోపల కడగడానికి చెయ్యి కాదు కదా, పుల్ల కూడా వంపు తిరిగి చేరదు.

ఇది వాతావరణ గాజు, అంటే గాలి పీడనం మార్పులను చూపే ఒక రకం బారోమీటర్. సగం దాకా రంగు నీళ్లు పోసి గోడకు తగిలిస్తారు. అందుకే వీపు చదును, అందుకే పైన కొక్కెం. పాత్రలో పైసగం గాలి చిక్కుకుపోయి ఉంటుంది. బయట వాతావరణ పీడనం తగ్గితే లోపలి గాలి సాగి, నీటిని కొమ్ములోకి తోస్తుంది. పీడనం పెరిగితే కొమ్ములో నీరు దిగుతుంది. పీడనం బాగా పడిపోతే నీరు కొమ్ము అంచు దాటి బొట్లుబొట్లుగా రాలుతుంది. దానికోసం కింద చిన్న గిన్నె వేలాడదీసేవారు. నెదర్లాండ్స్, బెల్జియం ప్రాంతాల్లో 17వ శతాబ్దం నుంచే ఇవి ఉన్నాయి. వాతావరణ పరిశీలన మీద ఎంతో మక్కువ ఉన్న జర్మన్ కవి గోథే పేరు తర్వాత దీనికి అంటుకుంది గాని, ఆయన కనిపెట్టినది కాదు.

మీ పాత్రలో చార సగం ఎత్తునే ఎందుకుందో ఆలోచించండి. రోజూ నింపి ఖాళీ చేసే పాత్రలో చార ఒకేచోట నిలవదు. నెలల తరబడి నీరు ఒకే మట్టాన నిలిస్తేనే ఇలా పడుతుంది.

పిచ్చుకగూడు:
నోటి ఎత్తు గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. పంజరం మాట వెనక్కి తీసుకుంటాను. కానీ తుపాను రాకను చెప్పే గాజు అంటే మూసిన గొట్టంలో స్ఫటికాలు పెరుగుతూ కరుగుతూ ఉండేది కదా?

మబ్బుతెర:
అది వేరు. స్టార్మ్ గ్లాస్ అంటారు. కర్పూరం, ఆల్కహాలు, కొన్ని లవణాలు కలిపి గొట్టాన్ని పూర్తిగా మూసేస్తారు. నౌకాదళ అధికారి ఫిట్జ్‌రాయ్ 1863లో తన పుస్తకంలో దాన్ని వర్ణించడంతో పేరొచ్చింది. నోరే లేని గొట్టానికి బయటి పీడనం తెలిసే దారి లేదు. దానిలో మార్పులు ప్రధానంగా వేడిని బట్టే వస్తాయి.

తూకంరాయి:
వస్తువు గుర్తింపు సరైనదే. కానీ దీన్ని బారోమీటర్ అనడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. స్టార్మ్ గ్లాస్‌కు మీరు చెప్పిన దోషమే దీనికీ ఉంది.

చిక్కుకున్న గాలి పీడనానికే కాదు, వేడికీ సాగుతుంది. గది ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కొమ్ములో నీరు ఎంత ఎక్కుతుందో, వాతావరణ పీడనం దాదాపు 3.5 మిల్లీబార్లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గినా అంతే ఎక్కుతుంది. లెక్క సులభం: గది ఉష్ణోగ్రత పరమ మానంలో (కెల్విన్‌లలో) సుమారు 293 డిగ్రీలు, కాబట్టి ఒక డిగ్రీ అంటే 293వ వంతు; సాధారణ వాతావరణ పీడనం 1013 మిల్లీబార్లలో ఆ వంతు మూడున్నర. ప్రశాంతమైన రోజుల్లో పీడనం మారేదే కొద్ది మిల్లీబార్లు. మధ్యాహ్నం గది మూడు డిగ్రీలు వేడెక్కితే చాలు, ఈ గాజు పెద్ద గాలివాన వస్తోందని చెబుతుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు.

1643లో ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి పాదరసపు గొట్టంతో చేసిన బారోమీటర్‌కూ దీనికీ అసలు తేడా ఇదే. ఆయన గొట్టం పైన దాదాపు శూన్యం ఉంది, సాగడానికి గాలి లేదు. నీటితో అలాంటి గొట్టం కట్టాలంటే 10 మీటర్లకు పైగా ఎత్తు కావాలి. 20 సెం.మీ. పాత్రలో ఆ పని జరగాలంటే గాలిని బంధించక తప్పదు, గాలిని బంధిస్తే వేడి జోక్యం తప్పదు.

మబ్బుతెర:
దోషం నిజం, కాదనను. కానీ వేడిని విడిగా చూసుకుంటే మిగిలేది పీడనమే. స్టార్మ్ గ్లాస్‌తో ఆ అవకాశం కూడా లేదు. ఎండ తగలని లోపలి గోడకు తగిలించి, రోజూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర చూస్తే ఇది నిజాయతీగానే పలుకుతుంది.

గాజుపెట్టె:
మీ మాటల మీద నింపి చూశాను. పాత్రను వంచి, సన్నని గొట్టం కట్టిన సిరంజితో కాచి చల్లార్చిన నీళ్లు ఎక్కించాను. చార దగ్గరకు వచ్చేసరికి ఆపాను. గోడకు ఒరిగినట్టు కూర్చుంది. మొదట తూకంరాయి గారి మాటే పరీక్షించాను. రెండు అరచేతులతో పాత్రను పట్టుకుంటే నిమిషం లోపే కొమ్ములో నీరు పాకింది. వదిలేస్తే దిగింది. అంత సున్నితంగా ఉంటుందని అనుకోలేదు.

తర్వాత పక్కన థర్మామీటరు పెట్టి తొమ్మిది రోజులు పొద్దున్నే రాసుకున్నాను. వాటిలో మూడు రోజులు గది సరిగ్గా 24 డిగ్రీలు. రెండు రోజులు నీరు ఒకే గీత దగ్గర ఉంది. మూడో రోజు 2 సెం.మీ. పైకి వచ్చింది. ఆ సాయంత్రం గాలి, వాన.

తూకంరాయి:
పద్ధతిగా చేశారు, సంతోషం. ఒక్క వానతో నేను మాట మార్చుకోను. కనీసం రెండు నెలలు రాయండి, వాన రాని రోజులు కూడా వదలకుండా. నీరు ఆవిరై తగ్గుతుంది, ఆ తేడా కూడా లెక్కలోకి రావాలి. వారానికొకసారి లోపలి మట్టం కూడా కొలవండి.

కొమ్ముచెంబు:
నాదొక సందేహం మిగిలింది. ఇది ఎంత పాతదో దీనివల్ల తేలలేదు కదా?

మబ్బుతెర:
తేలలేదు. ఈ ఆకారాన్ని ఇప్పటికీ తయారుచేసి అమ్ముతున్నారు కాబట్టి ఆకారం వయసు చెప్పదు. పక్కల అచ్చు గీత ఉందా, కొక్కెం చేత్తో లాగిన గుర్తు ఉందా, గాజులో బుడగలు సాగి ఉన్నాయా చూడాలి. గాజుపెట్టె గారూ, వీపు చదునును దీపం కింద పెట్టి ఒక ఫొటో పెట్టగలరా?

గాజుపెట్టె:
రేపు వెలుతురులో తీసి పెడతాను. నీళ్లు మాత్రం ఒంపను, ఈ పొద్దు గీత రాయాలి.