పంట మధ్యలో ఏరేటర్లు చూసుకోవాలా, పంట అయ్యాక చూసుకోవాలా?

మొగల్తూరు రైతు:
వనామీ రొయ్యల చెరువులో ఏరేటర్లను (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలను) వారం వారం చూసుకోవాలని మా అన్నయ్య, పట్టుబడి (రొయ్యలు పట్టేయడం) అయ్యాక అన్నీ ఒకేసారి విప్పితే చాలని నేను. మీరేం చేస్తున్నారు?

కాట్రేనికోన లీజుదారు:
ఆడుతున్న యంత్రం జోలికి వెళ్లకపోవడమే మేలు. విప్పిన ప్రతిసారీ ఒక సీలు చిరుగుతుంది. పైగా పంట మీద ఏరేటర్ ఆపితే రొయ్యకు గాలి ఎక్కడిది? గట్టు మీద స్పేరు మోటారు ఉంది, ఏది కాలితే అది మారుస్తాం. లీజు కట్టేవాడికి అంతకు మించి తీరిక ఉండదు.

భీమవరం రైతు:
స్పేరు ఉండాల్సిందే, కాదనను. కానీ మోటారు ఏ వేళ కాలుతుందో చూడండి. పగలు ఎండకు నీటిలోని ప్లాంక్టన్ (కంటికి కనిపించనంత సన్నని నాచు) ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) అట్టడుగుకు పడిపోతుంది. ఏరేటర్లు ఏకబిగిన తిరిగేదీ రాత్రే. చీకట్లో టార్చిలైటు పట్టుకుని మోటారు మార్చేలోపే రొయ్యలు పైకి తేలతాయి. అప్పటిదాకా పెట్టిన మేత ఖర్చంతా ఆ నీళ్లలోనే ఉంటుంది!

పంట మీద ఆపకూడదన్నారు. ఎండ కాసే రోజు మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ డీవో మీటరు పెట్టి చూడండి, రోజు మొత్తంలో ఎక్కువగా ఉండేది ఇంచుమించు అప్పుడే. ఒక్కొక్క ఏరేటర్‌నే ఆపి చూసుకోవచ్చు. మబ్బు పట్టిన రోజు మాత్రం వద్దు.

విప్పమని కూడా అనడం లేదు. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాకే మనిషి నీటిలో దిగాలి, ఇందులో రాజీ లేదు. రెక్కలకు పట్టిన నాచు, గుల్లలు గీకేస్తే మోటారు మీద భారం తగ్గుతుంది. ఫ్లోటు ఒరిగిందా, బోల్టులు వదులయ్యాయా చూడాలి. గేర్‌బాక్స్ ప్లగ్గు తీసి ఒక చుక్క ఆయిల్ వేలి మీద వేసుకోండి. మజ్జిగలా తెల్లగా కనిపిస్తే సీలులోంచి నీరు దూరినట్టే. విప్పాల్సింది అప్పుడు.

ఇంకొక మాట. ఏ ఏరేటర్ శబ్దం మారిందో మేత వేసే కుర్రాడికి మనకంటే ముందు తెలుస్తుంది. చెప్పబోతే "నీ పని నువ్వు చూసుకో" అనే యజమానులను చూశాను, ఒళ్లు మండుతుంది. వారంలో ఒక మధ్యాహ్నం ఈ పనికే కేటాయించి, దానికి కూలి విడిగా ఇవ్వండి. షెడ్డు గోడ మీద ఏరేటర్ నంబరు, తేదీ, చేసిన పని సుద్దతో రాయించండి.

కాట్రేనికోన లీజుదారు:
మధ్యాహ్నం ఆపవచ్చన్న మాట ఒప్పుకుంటున్నాను. కానీ మా దగ్గర మనుషులు పంట పంటకూ మారిపోతున్నారు. నేర్పినవాడు వెళ్లిపోతే మళ్లీ మొదటికే కదా?

భీమవరం రైతు:
గోడ మీద రాయమన్నది అందుకేనండి. కొత్తవాడు ఎక్కడినుంచి అందుకోవాలో అక్కడ ఉంటుంది. నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. మనుషులు ఎందుకు నిలవడం లేదన్నది జీతాల సంగతి, దానికి వేరే చర్చ పెట్టండి, తప్పకుండా వస్తాను.