సన్నీ ఉత్తరంలో దరువు ఎక్కడ మొదలవుతుంది?

పోయినవారం ఇక్కడ "డబ్ పొయెట్రీ"కి, అంటే జమైకా రెగ్గీ పాటల దరువు మీద నడిచే కవిత్వానికి, తెలుగు మాట ఏమిటని చర్చ నడిచి, చివరికి "ధ్వని కవిత్వం" దగ్గర ఆగింది. నాకది నచ్చలేదు. ధ్వని అనగానే మనవాళ్ళకి సంస్కృత అలంకారికుడు ఆనందవర్ధనుడు గుర్తొస్తాడు, వ్యంగ్యార్థం మీదికి పోతాం. ఇక్కడ సంగతి అచ్చంగా చెవిన పడే చప్పుడు. "డబ్ కవిత్వం" అని ఉంచేస్తే పోయేదేమీ లేదు. సినిమా డబ్బింగ్‌తో కలిసిపోతుందని ఒకరు భయపడ్డారు. రెండింటికీ మూలం ఒకటే, పని మాత్రం తలకిందులు. డబ్బింగ్‌లో బొమ్మకి కొత్త గొంతు ఎక్కిస్తారు. జమైకాలో కింగ్ టబ్బీ లాంటి సౌండ్ ఇంజినీర్లు రికార్డు రెండోవైపున పాటగాడి గొంతు తీసేసి డ్రమ్సూ బేసూ మిగిల్చారు. ఆ ఖాళీలో డీజేలు మాటలు అందుకున్నారు, వాళ్ళ వెనకే కవులు వచ్చారు.

పేరు సంగతి అంతటితో వదిలేసి ఒక పద్యం చూద్దాం. లింటన్ క్వేసీ జాన్సన్ రాసిన "సన్నీస్ లెటా", అంటే సన్నీ ఉత్తరం. 1979లో "ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ" రికార్డులో వచ్చింది. జాన్సన్ 1952లో జమైకాలోని చాపెల్టన్‌లో పుట్టి, 1963లో లండన్‌లో ఉన్న తల్లి దగ్గరికి వచ్చాడు. చదువురాని అవ్వకి బైబిలు పైకి చదివి వినిపిస్తూ పెరిగినవాడు. కవిత్వం ముందు గొంతులోకి, తర్వాత కాగితం మీదికి వచ్చిన మనిషి.

పద్యమంతా ఒక ఉత్తరం. లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైలు చిరునామాతో మొదలవుతుంది. సన్నీ అనే కుర్రాడు అమ్మకి రాస్తున్నాడు. మొదటి మాటలు దాదాపుగా ఇవి: ఈ నాలుగు ముక్కలూ నీకు అందేసరికి నిండు ఆరోగ్యంతో ఉంటావని తలుస్తాను. ఇన్‌లాండ్ లెటర్లు రాసిన తరానికి "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను" గుర్తు రాకుండా ఉండదు. ఈ భాగంలో ప్రాస లేదు, నడక లేదు, మర్యాద మాత్రమే ఉంది. తమ్ముడు జిమ్‌ని చూసుకుంటానని మాటిచ్చాను, నిలబెట్టుకోలేకపోయాను అంటూ నసుగుతాడు.

తర్వాత సాయంత్రం రద్దీ వేళ, బస్సు కోసం అన్నదమ్ములిద్దరూ నిలబడ్డారు. పోలీసు వ్యాను ఆగింది. ముగ్గురు దిగారు. జిమ్‌ని పట్టుకున్నారు. నేనేం దొంగతనం చేయలేదు, చొక్కా గుండీ కూడా తీయలేదంటాడు వాడు. ప్రాసలు ఇక్కడే ఒకటీ అరా తగలడం మొదలవుతాయి. కొట్టడం మొదలయ్యాక చూడండి:

దెమ్ తంప్ హిమ్ ఇన్ హిమ్ బెలీ
ఆన్ ఇట్ టర్న్ టు జెలీ

వాడి పొట్టలో గుద్దారు, అది జెల్లీలా అయిపోయింది అని. ఒక పాదంలో దెబ్బ, రెండో పాదంలో దాని ఫలితం. వీపు, తల, మర్మస్థానం, వరసగా ఇదే కొలతలో. చెమ్మచెక్క ఆడే పిల్లలు పాడుకునేలాంటి అంత్యప్రాసల్లో ఒక కుర్రాణ్ణి తంతున్నారు. ఒళ్ళు జలదరించేది ఆ దెబ్బల వర్ణనకి కాదు, నడకకి. తర్వాత సన్నీ తిరగబడతాడు, ఒక పోలీసు చనిపోతాడు, మళ్ళీ ఇంకా పోలీసులు దిగుతారు. జిమ్ మీద "సస్" కేసు, నా మీద హత్య కేసు అని రెండు పొడి వాక్యాలు. అక్కడ దరువు ఆగిపోయి ఉత్తరం మర్యాద తిరిగొస్తుంది: బెంగపడకు, నీ జాబు వచ్చేదాకా ధైర్యంగా ఉండు, ఇట్లు నీ కొడుకు.

"సస్" అంటే అనుమానం మీద పట్టుకోవడం. 1824 నాటి దేశదిమ్మరుల చట్టంలో నాలుగో సెక్షన్. నెపోలియన్ యుద్ధాల తర్వాత వీధుల్లో తిరిగే పేదల్నీ మాజీ సైనికుల్నీ అదుపు చేయడానికి చేసిన చట్టాన్ని, నూటయాభై ఏళ్ళ తర్వాత నల్లజాతి కుర్రాళ్ళ మీద వాడారు. ఇద్దరు పోలీసుల సాక్ష్యం చాలు. బ్రిక్స్‌టన్ అల్లర్లతో భగ్గుమన్న 1981లోనే ఆ నిబంధన రద్దయింది.

ఒక జవాబు: బాగుందండీ. కానీ ఇది బ్రోకెన్ ఇంగ్లీషే కదా? తెలుగులో పెట్టాలంటే శ్రీకాకుళం యాసో, తెలంగాణ యాసో వాడితే సరిపోతుంది.

పోస్టు రాసినవారు: సరిపోదండీ. మొదటి సంగతి, అది విరిగిన ఇంగ్లీషు కాదు. జమైకా మాటకి దాని వ్యాకరణం దానికుంది. పైన రెండో "హిమ్" చూడండి, "వాణ్ణి" కాదు, "వాడి" అని. కాలం చెప్పడానికి క్రియని మార్చకుండా ముందు "డిడ్" పెడతారు. బార్బడోస్ కవి కమావ్ బ్రాత్‌వెయిట్ దీన్ని "నేషన్ లాంగ్వేజ్" అన్నాడు. 1984లో లండన్‌లో అచ్చయిన "హిస్టరీ ఆఫ్ ది వాయిస్" అనే చిన్న పుస్తకంలో, తుపాను అయిదు గణాల ఇంగ్లీషు పాదంలో గర్జించదు అంటాడు. మంచు ఎరగని పిల్లలు చెరుకుతోటల మీద మంచు కురిసిందని బడిలో వ్యాసాలు రాసిన సంగతీ చెబుతాడు. మనవాళ్ళకి ఈ పేచీ కొత్తేం కాదు. గద్యపద్యాల కంటే జానుతెనుగు అందరికీ అందుతుందని పాల్కురికి సోమనాథుడు ద్విపద పట్టుకున్నాడు. కాకపోతే ఆయనకి దేశి ఛందస్సు తయారుగా ఉంది. లండన్ కుర్రాడు గ్రామఫోను రికార్డులోని బేసు నడకలోంచి ఛందస్సు తీసుకోవాల్సి వచ్చింది. రెగ్గీలో మొదటి దెబ్బ ఖాళీ, బరువు మూడో దెబ్బ మీద పడుతుంది. ఎత్తుగడ చోట ఏమీ ఉండదన్నమాట.

ఇంకొకరు: మారిషస్ తెలుగువాళ్ళ రామభజనం కూడా ఈ కోవలోదే అనుకోవచ్చా? ఇంట్లో క్రియోల్ మాట్లాడినా భజన తెలుగులోనే సాగుతుంది కదా.

పోస్టు రాసినవారు: చప్పుడులో ఊరిని దాచుకోవడం వరకు ఒకటే. మాట పోయినా పాట నిలబడటం ప్రవాసంలో మామూలే. కానీ భజన తాతలు తెచ్చినదాన్ని చెదరకుండా అప్పగించే పని. డబ్ అలా కాదు. జమైకాలో కవయిత్రి లూయీస్ బెనెట్ ఇదే భాషలో స్టేజి మీదా రేడియోలోనూ పద్యాలు చెప్పి నవ్వించింది. ఇంగ్లండుకి తరలిపోతున్న జనాన్ని చూసి, వలసపాలన ఇప్పుడు వెనక్కి నడుస్తోంది పొమ్మని ఎకసెక్కం చేసింది. లండన్‌లో పెరిగిన తరం ఆ మాటే తీసుకుని పోలీస్ స్టేషను గురించి మాట్లాడింది. ఊరిని తలచుకోవడానికి కాదు, ఉన్నచోట నిలబడటానికి.

మరొకరు: ఎంత చెప్పినా ఇవి పాటలే మాస్టారూ. మ్యూజిక్ తీసేస్తే కాగితం మీద ఏం మిగులుతుంది?

పోస్టు రాసినవారు: జాన్సన్ బ్యాండు లేకుండా కూడా చదువుతాడండీ. నాకు ఆ ఒంటిగొంతు చదువే ఎక్కువ ఇష్టం, బేసు మాటల్లోనే వినిపిస్తుంది. 2002లో పెంగ్విన్ వాళ్ళు మోడర్న్ క్లాసిక్స్‌లో ఆయన కవితలు వేశారు, ఆ వరసలో బతికుండగా చోటు దొరికిన రెండో కవి ఆయన. అయితే మీ మాటలో నిజం లేకపోలేదు. 1983లో జమైకాలో రాళ్ళ దెబ్బలకి చనిపోయిన డబ్ కవి మైకీ స్మిత్ కవితలు అచ్చులో సగమే. ఆయన గొంతు వినకుండా ఆ సాగతీతలు ఊహించలేం. తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది దగ్గర దరువు మాటని మింగేసింది కూడా. ఏ విషయం చెప్పినా అదే నడక.

మొదట అడిగినవారు: సరే, యాస వద్దు. బెలీ, జెలీలకి ఇది చూడండి: "పొట్టలోన గుద్దారు, ముద్దముద్ద చేశారు".

పోస్టు రాసినవారు: ప్రయత్నం బాగుంది గానీ, "గుద్దారు, చేశారు" అంటే మన క్రియలన్నీ వాక్యం చివరే వచ్చి వాటంతటవే కలుస్తాయి. అంత్యప్రాస మనకి ఉత్త పుణ్యానికి దొరుకుతుంది, అందుకే అందులో దెబ్బ తగలదు. రెండో అక్షరం ప్రాస పట్టుకుంటే మేలు. "డొక్క మీద గుద్దితే, ముక్కముక్కలైంది" అన్నాననుకోండి, పాదం మొదట్లోనే "క్క" దగ్గర ఊపిరి కొట్టుకుంటుంది. వీపుకి కూడా ఏదో ఒకటి కుదురుతుంది. తల మీద కొడితే అది సీసంలా గట్టిగా ఉందన్న జంట మాత్రం నాకు లొంగడం లేదు. ఎవరికైనా తడితే కింద పెట్టండి, పైకి చదివి చూశాకే.