చెక్కిన తోలుకు నూనె, మైనం చాలునా, యాక్రిలిక్ పూత తప్పదా?

ప్రశ్న అడిగిన సభ్యులు:

నేను వెజిటబుల్ టాన్ తోలుపై (చెట్ల బెరడు వంటి వాటిలోని టానిన్లతో పదును చేసిన తోలు) తీగలు, ఆకులు చెక్కి బెల్టులూ చేతిసంచులూ తయారు చేస్తాను. స్పిరిట్ (ఆల్కహాల్)లో కరిగించిన రంగు వేసి, అది ఆరాక పలుచగా నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) పట్టించి, చివర తేనెమైనపు లేపనం రుద్దడం చాలా కాలంగా నా పద్ధతి. ఈమధ్య ఒకరు నేను చేసిన ముదురు గోధుమరంగు బెల్టును వెనక్కి తెచ్చి, తెల్ల చొక్కాకు నడుము పొడవునా పడిన మరకను చూపించారు. నెల రోజులు కూర్చుని చెక్కిన వస్తువు మరొకరి బట్టను పాడుచేసిందంటే నాకు నిజంగా బాధ కలిగింది. యాక్రిలిక్ పూత వేయకపోవడమే తప్పని కొందరు, ప్లాస్టిక్ పొర కప్పితే అది ఇక తోలే కాదని మరికొందరు అంటున్నారు. ఎవరి మాట సరైనదో కారణాలతో సహా చెప్పగలరా?

నూనె, మైనం వైపు నుంచి:

మీ పద్ధతిని మార్చుకోవద్దనే నేను చెబుతాను. చెక్కుడు పనిలో అందమంతా స్వివెల్ కత్తి (తిరిగే అలుగు గల చెక్కుడు కత్తి) గీసిన గాటు వాడిగా కనబడడంలోనూ, బెవలర్ అనే ముద్ర పనిముట్టుతో అణచిన అంచు నుంచి ఆకు మెల్లగా పైకి లేవడంలోనూ ఉంటుంది. యాక్రిలిక్ ద్రవం ఆ గాట్లలో నిలిచి, ఆరాక పాలపొరలాగా తెల్లగా కనబడుతుంది. గుడ్డకు అందని లోతులో ఉంటుంది కాబట్టి దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. అదీగాక బెల్టు రోజూ ఒకేచోట వంగుతుంది, పొర మందంగా ఉంటే అక్కడే నెర్రెలు వస్తాయి. మైనం అరిగిపోతే మళ్లీ రుద్దుకోవచ్చు, పగిలిన పొరను మాత్రం పూర్తిగా తొలగించకుండా సరిచేయలేం.

యాక్రిలిక్ వైపు నుంచి:

పైన చెప్పిన లోపాలన్నీ పూతను మందంగా వేయడం వల్ల వచ్చేవే. సమపాళ్లలో నీళ్లు కలిపి, పిండిన స్పాంజితో పలుచగా రెండుసార్లు వేస్తే గాట్లలో ద్రవం నిలవదు. మైనాన్ని మళ్లీ రుద్దుకోవచ్చన్న మాట వస్తువు చేసేవారి విషయంలో నిజమే, కానీ బెల్టు కట్టుకునేవారిలో ఎంతమంది ఏడాదికొకసారి మైనం రుద్దుతారు? తోలు రంగు నిలకడను పరీక్షించే ఐఎస్‌ఓ 11640 ప్రమాణంలో పొడి రాపిడితో పాటు తడి రాపిడి, కృత్రిమ చెమటతో రాపిడి కూడా ఉన్నాయంటే వాడకంలో ఎదురయ్యేది అదే కనుక. చెమటకు మైనం నిలవదు.

సంచులూ బెల్టులూ రెండూ చేసే మరొక సభ్యులు:

ఇద్దరూ ఆఖరి అంచె గురించే వాదిస్తున్నారు, కానీ చొక్కా మీద మరకకు కారణం మొదటి అంచెలో ఉంది. దాన్ని సరిచేయకుండా మైనం వేసినా యాక్రిలిక్ వేసినా మరక ఇవాళ కాకపోతే రేపు పడుతుంది.

తోళ్ల కర్మాగారంలో రంగు ఎలా వేస్తారో ఒకసారి గుర్తు చేసుకుందాం. తోళ్లను పెద్ద పీపాలో వేడినీటితో, రంగుతో కలిపి చాలాసేపు తిప్పి, చివర ఫార్మిక్ ఆమ్లం చేర్చి రంగును పీచుకు బిగిస్తారు. ఆ రంగుల్లో ఎక్కువ భాగం రుణావేశం గలవి కాబట్టి తోలు పీచులోని ప్రోటీన్ అయిన కొల్లాజెన్‌లో ధనావేశం ఉన్న చోట్లను పట్టుకుంటాయి. క్రోమ్ (క్రోమియం లవణాల)తో పదును చేసిన తోలులో అటువంటి చోట్లు ఎక్కువ. మనం చెక్కడానికి వాడే వెజిటబుల్ టాన్ తోలులో వాటిని చాలావరకు టానిన్లు ముందే ఆక్రమించి ఉంటాయి. అందుకే అదే రంగు ఇక్కడ బలహీనంగా పట్టుకుంటుంది. చెక్కిన ముద్రను నిలుపుకునే గుణం కోసం మనం ఏ తోలును ఎంచుకుంటామో, రంగును గట్టిగా పట్టుకోవడంలో వెనకబడేదీ ఆ తోలే. పైగా మన బల్ల మీద పీపా లేదు, వేడి లేదు, ఆమ్లంతో బిగించే అంచె లేదు. స్పిరిట్ ఆవిరైపోగానే పీచుకు అంటని రంగంతా పైన పొడిగా మిగిలిపోతుంది.

ముదురు రంగు కావాలని సీసాలోని చిక్కటి ద్రవాన్నే రెండు మూడుసార్లు పూస్తే ఆ పొడి మరింత పెరుగుతుంది. నేను రంగును దానికి తగిన ద్రావకంతో సగానికి పైగా పలుచన చేసి, ప్రతి పూతకూ దిశ మారుస్తూ నాలుగైదు పలుచని పూతలు వేస్తాను. ఒక పూర్తి రోజు ఆరనిచ్చాక తెల్ల నూలుగుడ్డను రెండు వేళ్లకు చుట్టి గట్టిగా తుడుస్తాను. మొదటి గుడ్డ ఇటుకపొడిలో ముంచినట్టు అవుతుంది, రెండోదానికి లేత చారలు వస్తాయి, మూడోదానికీ నాలుగోదానికీ నీడ మాత్రమే అంటుతుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా నేను నూనె సీసా మూత కూడా తీయను. ఈ పని విసుగు పుట్టిస్తుందని ఒప్పుకుంటాను. కానీ మీ బెల్టు విషయంలో జరగనిది ఇదేనని నా గట్టి నమ్మకం, ఎందుకంటే తుడవకుండా నూనె పట్టిస్తే తేలిన రంగు నూనెలో కలిసి, రాపిడి తగిలినప్పుడల్లా బయటికి వస్తూనే ఉంటుంది. తుడవకుండా యాక్రిలిక్ వేసినా మేలు జరగదు. తడి స్పాంజికి రంగు లేచి చారలు కడుతుంది, మిగిలింది పొర కింద దాగి, పొర అరిగిన చోట బయటపడుతుంది.

ఇక పైపూత ఏదన్న ప్రశ్నకు వస్తాను. దీన్ని రంగు సీసా తెరవకముందే తేల్చుకోవాలి, చివర్లో కాదు. నూనె, మైనం పట్టిన ఉపరితలానికి యాక్రిలిక్ సరిగా అంటదు కాబట్టి ముందు మైనం రుద్ది తర్వాత మనసు మార్చుకునే వీలు లేదు. నీట్స్‌ఫుట్ నూనె తోలు రంగును ముదురు చేస్తుంది, అందువల్ల నూనె పట్టించాలనుకుంటే రంగును ఒక ఛాయ లేతగా ఎంచుకోవాలి. స్పిరిట్ రంగు మీద స్పిరిట్‌తో చేసిన పూతను స్పాంజితో రుద్దితే కింది రంగు కరిగి ఆకుల మధ్య కలిసిపోతుంది. గాట్లను నల్లగా చూపడానికి యాంటిక్ పేస్టు వాడేవారికైతే వరుస మరీ ముఖ్యం.

ఆ వరుసను నేను ఒక ఆకు మీద చూపించి చెబుతాను. ఆకును లేత తేనె రంగులోనే ఉంచి, దాని చుట్టూ ఉన్న నేపథ్యానికి మాత్రం సన్నటి కుంచెతో ముదురు రంగు వేస్తాను. అది ఆరి, తుడవడం పూర్తయ్యాక మొత్తం మీద రెసిస్ట్‌గా, అంటే పేస్టు లోపలికి ఇంకకుండా ఆపే పొరగా, లక్కర్ పలుచగా వేసి రాత్రంతా వదిలేస్తాను. మర్నాడు యాంటిక్ పేస్టును గాట్లలోకి వేలితో నొక్కి, వెంటనే చదునుగా మడిచిన గుడ్డతో ఆకు ఉబ్బెత్తు మీదుగా ఒకే దిశలో తుడుస్తాను. గుడ్డను మెత్తగా ఉండచుడితే అది గాట్లలోకి దిగి పేస్టును తోడేస్తుంది, చదునుగా మడిస్తే ఎత్తుల మీద మాత్రమే జారుతుంది. ఆకు ఈనెల గాట్లలో నలుపు నిలిచి ఆకు వెలుగులోకి వచ్చే ఆ క్షణం నాకు ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం. రెసిస్ట్ లేకపోతే పేస్టు ఆకులోకే ఇంకిపోయి అంతా ఒకే బురద రంగవుతుంది. పేస్టు కూడా బట్టకు అంటేదే కాబట్టి ఆరాక దాని మీద మరొక పలుచని పూత ఉండాలి.

అందుకే నా తీర్పు వస్తువును బట్టి మారుతుంది. బెల్టు, వాచీ పట్టీ, భుజానికి తగిలించుకునే పట్టీ ఒంటినీ బట్టనూ రాసుకుంటూ ఉంటాయి కాబట్టి వాటికి పలుచని యాక్రిలిక్ పొర కావాలి. పుస్తకం అట్టకూ, గోడకు తగిలించే పలకకూ నేను మైనమే వేస్తాను. ఒంటికి తగిలే వాటి విషయంలో రంగు ఎంపిక కూడా జాగ్రత్తగా చేయాలి. ఆజో రంగులనే కృత్రిమ రంగుల్లో కొన్ని విడిపోయి హానికరమైన ఆరోమాటిక్ ఎమీన్లు వెలువడతాయి, చర్మానికి నేరుగా తగిలే తోలు వస్తువుల్లో అటువంటి ఎమీన్లకు యూరోపియన్ యూనియన్ కిలోకు 30 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. పేరూ వివరాలూ లేని పొడి రంగులను పట్టీలకు వాడవద్దు.

నూనె, మైనం వైపు సభ్యులు మళ్లీ:

తుడవడం గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం, నేను అలవాటుగా చేసేదాన్ని నా సమాధానంలో రాయకుండా వదిలేశాను. అయినా బెల్టు ముందు వైపు బట్టకు పెద్దగా రాసుకోదు, రాసుకునేది లోపలి వైపు. లోపలి వైపుకు అసలు రంగు వేయకుండా, రంగు లేని పలుచని తోలును అంటించి కుడితే ముందు వైపు మైనంతోనే ఉంచవచ్చు. చెక్కిన ముఖాన్ని పొరతో కప్పడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ప్రశ్న అడిగిన సభ్యులు:

ఒక తోలు ముక్కను మూడు భాగాలు చేసి చూశాను. తుడవకుండా మైనం రుద్దిన భాగమూ, తుడవకుండా యాక్రిలిక్ వేసిన భాగమూ తడిగుడ్డకు రంగు వదిలాయి, రెండోది కొంచెం తక్కువగా. నాలుగు గుడ్డలతో తుడిచి యాక్రిలిక్ వేసిన భాగం ఏమీ వదల్లేదు. లోపలి వైపు రంగు లేని తోలు కుట్టే ఆలోచన నాకు బాగా నచ్చింది, ఆ బెల్టును అలాగే మళ్లీ చేసి ఇస్తాను. నలుపు మాత్రం ఎంత తుడిచినా వదులుతూనే ఉంది. దానికి వేరే దారి ఉందా?

సంచులూ బెల్టులూ చేసే సభ్యులు:

నలుపుకు నేను రంగు వాడను. వెనిగర్‌లో నూనె కడిగేసిన ఉక్కు పీచును నానబెట్టి వడకట్టిన ద్రవం పూస్తే, అందులోని ఇనుము తోలులోని టానిన్‌తో కలిసి పీచులోనే నలుపుగా మారుతుంది. పొడిగా పైన తేలేది చాలా తక్కువ కాబట్టి బట్టకు అంటదు. చెక్కడం పూర్తయి తోలు ఆరాకే పూయండి. తర్వాత నీళ్లతో కడిగి, పలుచని వంటసోడా నీళ్లతో ఒకసారి తుడిచి, మళ్లీ మంచినీళ్లతో కడగండి. ఆమ్లం మిగిలితే కాలక్రమంలో పీచు బలహీనపడుతుంది, సోడా ఎక్కువైతే తోలు పెళుసవుతుంది. పూర్తిగా ఆరకముందే, కొంచెం చెమ్మ ఉండగా నూనె పట్టిస్తే గట్టిపడదు. ముందుగా అదే తోలు ముక్క మీద చూసుకోండి, ఎందుకంటే టానిన్ తక్కువగా ఉన్న తోలు నల్లబడకుండా బూడిద రంగులోనే ఆగిపోతుంది. అటువంటప్పుడు చిక్కటి టీ డికాక్షన్ ముందుగా పట్టించి, ఆరాక ఇనుప ద్రవం పూయండి.