అప్‌డేట్: భీమిలి ఇంటి పన్ను కట్టేశాం

భీమిలిలో మా అత్తగారి ఇంటి పన్ను హైదరాబాద్ నుంచే కట్టొచ్చా, ఏప్రిల్ రాయితీ వస్తుందా అని అడిగాను కదా. రెండూ కుదిరాయి. 1861 నాటి భీమిలి మున్సిపాలిటీ ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌ (జీవీఎంసీ)లో భాగం కాబట్టి జీవీఎంసీ అసెస్‌మెంట్ నంబర్‌తో, అంటే ఇంటి పన్ను ఖాతా నంబర్‌తో, ఆన్‌లైన్‌లో కట్టేశాం. ఏప్రిల్ 30లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు. హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) ఇచ్చే ఎర్లీ బర్డ్ రాయితీ కూడా ఇంతే కదా, పనిలో పనిగా నల్లకుంట ఫ్లాట్‌దీ అయిపోయింది.

ఆ నంబర్ ఉన్న పాత రసీదు దొరక్క ముందు కాస్త టెన్షన్ పడ్డాం. అక్కడి పక్కింటి పిన్నిగారు మా గుమ్మంలో పడున్న పన్ను నోటీసు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఉగాదికి రాలేదేమని చీవాట్లూ పెట్టారు! ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, అది మొదలయ్యేలోపే వస్తే మంచి చేపలు తినొచ్చన్నారు. మావారు అప్పుడే టికెట్లు చూస్తున్నారు.